కిటికీ మూసిన పొయ్యి

మా చిన్నాయనకు వనపర్తిలో మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టి ఇవ్వడం ఆయన పని. ఆ పనితో ఊరుకుని ఉంటే ఆయనా, మా చిన్నమ్మా హాయిగా ఉండేవాళ్లు. కానీ దుకాణం వెనక రేకుల షెడ్డులో ఆయనకు ఇంకో సంసారం ఉంది. ఒకసారి తిప్పి వదిలితే కరెంటు అక్కర్లేకుండా తిరుగుతూనే ఉండాల్సిన ఇనప చక్రం అందులో మొదటిది. అది ఆగిపోయేది. ఎందుకు ఆగుతున్నదో కనుక్కోవడంలోనే ఆయన పడుచుతనమంతా పోయింది. తరువాత గాలిమర. కొల్లాపూర్‌లో ఒక మామిడి తోటాయన మొహమాటానికి దాన్ని పెట్టించుకున్నాడు. నీళ్లు మాత్రం మామూలు మోటారుతోనే తోడుకుంటూ, గాలిమరను చిలకలను బెదిరించడానికి ఉంచుకున్నాడు. అది చప్పుడు బాగా చేసేదట.

యంత్రాలు అమ్ముడుపోలేదు కానీ శాలువాలు మాత్రం వచ్చాయి. ఎక్కడ ఎగ్జిబిషన్ పెట్టినా చిన్నాయనను పిలిచేవాళ్లు. పెద్దవాళ్లు వచ్చి, యంత్రం చూసి, ఆహా అని, శాలువా కప్పి, ఫొటో దిగి, ఇంకో టెంటుకు పోయేవాళ్లు. ఆ శాలువాలన్నీ మా చిన్నమ్మ ట్రంకు పెట్టెలో పెట్టింది. "ఇంకొన్ని రానియ్, అన్ని గలిపి బొంత కుట్టుకుంట. గదన్న పనికొస్తది" అనేది.

చిన్నప్పుడు నేను ఆ షెడ్డులోనే ఆడుకుంటూ పెరిగాను. మా ఇల్లు పక్కనే. "చిన్నాయనా, ఇవి ఎందుకు ఎవరూ కొనరు?" అని అడిగితే ఆయన గొంతు తగ్గించేవాడు.

"పెద్ద కంపెనీలోళ్లు రానియ్యరు బిడ్డా. మనది బయటికొస్తే వాళ్ల దుకాణం బంద్ అయితది. గందుకే తొక్కుతుండ్రు."

నేను నమ్మాను. ఆ కంపెనీలవాళ్ల మీద నాకు ఎంత కోపమంటే, మా వీధిలోకి తెల్ల కారు ఏదొచ్చినా గేటు దగ్గర కాపలా నిలబడేదాన్ని. ఆ షెడ్డు ఎక్కడుందో మా పోస్టుమ్యాన్‌కే తెలియదనీ, కంపెనీలవాళ్లకు తెలిసే దారే లేదనీ అర్థమయ్యేసరికి నాకు పెళ్లీడు వచ్చింది.

పెళ్లి చేసి నన్ను గద్వాలకు పంపారు. మా అత్తగారిల్లు నేత ఇల్లు కాదు, అద్దకం ఇల్లు. నేతవాళ్లు తెచ్చిన పట్టు చిలపలను, అంటే దారపు చుట్టలను, ఉడకబెట్టి, రంగులో ముంచి ఇవ్వడం మా పని. గద్వాల చీరకు మధ్యన నూలు, అంచుకూ కొంగుకూ పట్టు అని అందరికీ తెలుసు. ఆ పట్టుకు ఆ రంగు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు. అది మా ఇంటి వెనక, పొగలోనుంచి వచ్చేది. రెండు పెద్ద రాగి గంగాళాలు, వాటి కింద తుమ్మ కట్టెల మంట, చుట్టూ నల్లబడ్డ గోడలు. కొత్త కోడలిగా మొదటిసారి అందులో అడుగుపెట్టినప్పుడు కళ్లు మండి ఏడ్చాను. పుట్టిల్లు తలుచుకుని ఏడుస్తున్నాననుకుని అందరూ ఓదార్చారు.

ఆ పొగలో రాజు మా మామగారు. మా అత్తమ్మ నేను కాపురానికి రాకముందే పోయింది. మామగారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మా ఆయన కర్రలకు తగిలించిన చిలపలను రంగునీళ్లలో తిప్పుతూ ఉంటే, ఆయన గంగాళం మీదికి వంగి చూస్తూ కూర్చునేవాడు. తడి మీద పట్టు అసలు రంగుకంటే ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. ఆరాక ఏ మెట్టుకు దిగుతుందో తడి మీదే చెప్పగలగాలి. అది కంటిలో ఉండే విద్య. సరైన రంగు వచ్చిన క్షణాన ఆయన ఒకే ఒక్క మాట అనేవాడు.

"ఎత్తు."

ఆ మాట వినగానే మా ఆయన చిలపలన్నీ ఒక్క ఊపున పైకి తీసేవాడు. ఇంకాస్త ఆగితే కుంకుమ ఎరుపు కాస్తా రక్తం రంగవుతుంది. ఆ ఒక్క మాట మీదనే మా ఇల్లు నడిచింది.

మా అద్దకంలో ఇంకో పద్ధతి ఉంది, దాని గురించి చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. పట్టు తెచ్చినవాళ్లు తమ చేత్తో ఒక కట్టె తెచ్చి మా పొయ్యిలో వెయ్యాలి. వేసి, మంటను కాస్త ఎగదోసి, అప్పుడు కూర్చోవాలి. కొత్తలో నేను అది మర్యాద అనుకున్నాను. పొరుగింటికి పోయినప్పుడు ఊరికే కూర్చోలేక రెండు చిక్కుళ్లు ఒలిచినట్టు, ఇదీ అలాంటిదే అనుకున్నాను.

అలా ఏళ్లు గడిచాయి. తరువాత మామగారికి దగ్గు పట్టుకుంది. మొదట చలికాలం దగ్గు అన్నాం. తరువాత ఎండాకాలమూ తగ్గలేదు. గంగాళం దగ్గర కూర్చుంటే మాట బయటికి రాకముందే దగ్గు వచ్చేది. "ఎత్తు" అనబోయి దగ్గితే, ఆ దగ్గు అయ్యేలోపు రంగు దాటిపోయేది. దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు కానీ మాట మాత్రం కచ్చితంగా చెప్పాడు. ఇక పొగలో కూర్చుంటే మనిషి దక్కడని.

మేం చెయ్యని ప్రయత్నం లేదు. గ్యాస్ పెట్టి చూశాం. అంత పెద్ద గంగాళం కింద ఆ మంట నడుమ మాత్రమే తగిలి, ఖర్చు మాత్రం అంతటా తగిలింది. మామగారిని వీధి అవతల అరుగు మీద కూర్చోబెట్టి, ఒక చిలప తీసి ఆయన దగ్గరికి పరుగెత్తి చూపించాం. ఆయన చూసి, నేను వెనక్కి పరుగెత్తేసరికి గంగాళంలో ఉన్న మిగతా చిలపలు ఇంకో రంగుకు పోయేవి. నేను ఆ వీధిలో చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి పరుగెత్తడం చూసి అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చేది, ఇంట్లోకి వచ్చాక ఏడుపొచ్చేది.

చివరికి ఒకరోజు మా ఆయన అన్నం తింటూ అన్నాడు. "కర్నూల్‌ల పాత రాగి కొనేటాయనకు జెప్పిన. పంటలొచ్చే లోపల వచ్చి గంగాళాలు సూస్తడంట. నేను బట్టల దుకాణంల పనికి పోత."

మామగారు తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం కంచంలో అలాగే ఆగిపోయింది. గంగాళాలు పోయాక ఆయన ఈ ఇంట్లో ఏం చూస్తూ కూర్చుంటాడు?

ఆ రోజుల్లోనే నాగర్‌కర్నూల్‌లో ఎగ్జిబిషన్ పెట్టారు. చిన్నాయన ఫోన్ చేశాడు. "రా బిడ్డా, కొత్త పొయ్యి చేసిన. పల్లీ పొట్టుతోటి మండుతది, పొగ రాదు. ఈసారి జూడు" అన్నాడు. ఈసారి జూడు అన్న మాట నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను. అయినా పొగ రాదు అన్న మాట పట్టుకుని బస్సెక్కాను.

పొయ్యి అంటే ఒక నూనె డ్రమ్ము. దాని నిండా పల్లికాయల మిల్లులో పారేసే పొట్టు కూరి, పైనుంచి ముట్టిస్తాడు. అడుగున చిన్న ఫ్యాను గాలి తోస్తుంటే మంట పైనుంచి కిందికి మెల్లగా దిగుతుంది. కింద పొట్టు నుంచి లేచే పొగ పైన ఉన్న మంటలోంచే రావాలి కాబట్టి అక్కడే కాలిపోతుంది. ఆయన ఇదంతా చెబుతుంటే నేను మామూలుగా తల ఊపాను. కానీ డ్రమ్ము మీద నీలంగా లేచిన మంట చూసి తల ఊపడం ఆపేశాను. నిజంగానే పొగ లేదు. నా చెయ్యి మంట పక్కన పెట్టి, వాసన చూసుకున్నాను.

దానికి రెండు హంగులున్నాయి, రెండింటి మీదా ఆయనకు ప్రాణం. ఒకటి, బటన్ నొక్కితే తీగ ఎర్రబడి దానంతట అదే అంటుకుంటుంది. రెండు, డ్రమ్ము పక్కన ఒక చిన్న కిటికీ, లోపలి మంట జనానికి కనబడాలని.

ఆ కిటికీయే కొంప ముంచింది. టెంటులోకి ఒక పెద్దమనిషి వచ్చాడు. చూశాడు, ముచ్చటపడ్డాడు, పక్కనే పడి ఉన్న ఇనప కడ్డీ తీసుకుని కిటికీలోంచి మంటను ఒక్కసారి కెలికాడు. పొయ్యి కనబడితే కెలకని చెయ్యి మన దగ్గర ఉంటుందా? పైన కాలుతున్న పొర కూలి కింద పచ్చి పొట్టులో కలిసింది. నల్లటి పొగ భుగ్గున లేచింది. టెంటు ఖాళీ అయింది. దగ్గుకుంటూ బయట నిలబడి ఆ పెద్దమనిషే చిన్నాయనకు శాలువా కప్పాడు, అదొక్కటే లోటు ఇంక.

"కంపెనీలోళ్లు పంపిన మనిషే" అన్నాడు చిన్నాయన, శాలువా భుజాన్నుంచి తీసేస్తూ.

"కంపెనీ లేదు, మన్ను లేదు. నాకొకటి చేసియ్యి. పెద్దది కావాలె, గంగాళానికి సరిపోవాలె" అన్నాను. ఆయన నా మొహం చూసి, నిజంగానే అడుగుతున్నానని తెలిశాక, గంగాళం వెడల్పెంతని అడిగాడు. పెళ్లిలో నన్ను అప్పగించేటప్పుడు కూడా ఆ మనిషి కళ్లలో అన్ని నీళ్లు లేవు.

పొయ్యి గద్వాలకు వచ్చింది. మొదటి రోజు మామగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గంగాళం పక్కన కూర్చోబెట్టాను. ఆయన చాలా రోజుల తరువాత ఆ పీట మీద కూర్చున్నాడు. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకునే వచ్చాడు, కాసేపటికి తనంతట తానే తీసేశాడు. ఆవిరి తప్ప ఏమీ లేదు.

ఆ రోజు పట్టు తెచ్చింది పక్క వీధి అవ్వ. మగ్గం గుంటలో కూర్చుని నలుగురు పిల్లలను పెంచిన మనిషి, నోరు పెద్దది, లెక్క గట్టిది. పెళ్లిచీరకు కుంకుమ ఎరుపు కావాలని తెచ్చింది. చేతిలో ఎప్పటిలాగే ఒక కట్టె. పొయ్యి చుట్టూ తిరిగింది.

"ఏడ వెయ్యాలె పిల్లా?"

"దీనికి కట్టె అక్కర్లేదు అవ్వా. బటన్ ఒత్తితే చాలు. నువ్వు కూసో."

"అక్కర్లేకుంటె ఎట్ల?"

కాసేపు కూర్చుంది. నేను పట్టు ఉడకబెట్టిన నీళ్లు పారబోయడానికి బయటికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పొగ. నాకు కిందా మీదా కనబడలేదు. అవ్వ కిటికీ కనిపెట్టింది. కట్టె అందులో దోసి, అలవాటు ప్రకారం బాగా ఎగదోసింది. మామగారు గోడకు ఆనుకుని దగ్గుతున్నాడు. మా ఆయన ఆయనను చంకల కింద పట్టుకుని బయటికి మోసుకుపోయాడు. గంగాళంలో వేడి ఎక్కడికక్కడ చెదిరి, పట్టు అక్కడో మచ్చ ఇక్కడో మచ్చగా వచ్చింది. పెళ్లిచీర పట్టు.

నాకు కోపం ఆగలేదు. ఎంత పెద్ద మనిషైతే ఏంటి, నాలుగు మాటలు అనేద్దామని ఆమె ముందు నిలబడ్డాను. అవ్వ ఆ మచ్చల చిలపను వెలుగులో పట్టుకుని చూస్తూ ఉంది. ఆ నోటినుంచి ఏం వస్తుందోనని వీధంతా ఎదురు చూస్తున్నది. ఆమె దాన్ని మెల్లగా చుట్టి నా చేతిలో పెట్టింది.

"వంకాయ రంగుల ముంచు. ఇంకో చీరకు పనికొస్తది. కట్టె నేనే వేస్తిని, నేనేమంట?"

అంతే అన్నది. తిట్టలేదు, పట్టు విలువ అడగలేదు, చీర సమయానికి అందకపోతే పెళ్లివాళ్లకు తానేం చెప్పుకోవాలో కూడా నా ముందు అనలేదు. కట్టె వేసినవాళ్లు తరువాత మాట అనకూడదు. ఆ పద్ధతి ఎందుకు పుట్టిందో నాకు ఇన్నేళ్ల కాపురంలో ఆ నిమిషం అర్థమైంది. అది మర్యాద కాదు, ఒప్పందం. రంగు చెడితే అద్దకంవాళ్ల మీద మాత్రమే పడకుండా, మంటలో నేతవాళ్ల చెయ్యి కూడా ఉండాలి. ఆ చెయ్యి పడని పట్టు మీద మాకూ ధైర్యం ఉండదు, వాళ్లకూ నమ్మకం ఉండదు. మా చిన్నాయన పొయ్యిలో ఆ చేతికి చోటు లేదు. చోటు లేని చెయ్యి కిటికీ వెతుక్కుంది.

నాగర్‌కర్నూల్ పెద్దమనిషికి పట్టూ లేదు, ఒప్పందమూ లేదు, కానీ ఆయన చెయ్యీ అదే చేసింది. కొల్లాపూర్ తోటాయన గాలిమరను చిలకల మీద వాడిందీ దాదాపు ఇందుకే అనుకుంటాను. తోటలో ఆయనకు ఏ పని అవసరమో అడిగి ఎవరూ దాన్ని చెయ్యలేదు. యంత్రాలను ఎవరో తొక్కేస్తున్నారని మా ఇంట్లో ఎంతసేపు అనుకున్నామో, వాటిని వాడాల్సిన మనిషి ఎక్కడ కూర్చుంటాడు, చేతులు ఎక్కడ పెట్టుకుంటాడు అని అందులో పావు వంతు కూడా అనుకోలేదు. నాకు కోపం, సంతోషం రెండూ ఒకేసారి వచ్చాయి. అప్పటికప్పుడు వనపర్తికి ఫోన్ కొట్టాను.

"చిన్నాయనా, కిటికీ మూసెయ్యి."

"మూస్తె లోపట మండుతున్నదని ఎట్ల తెలుస్తది?"

"గంగాళంల నీళ్లు కాగుతుంటె తెల్వదా?"

నేను ఆగలేదు. "బటన్ గూడ తీసెయ్యి. పట్టు తెచ్చినోళ్లే ముట్టియ్యాలె. ఒక్కొక్కళ్లకు ఒక్కొక్క డ్రమ్ము. మొదలుకెల్లి నింపి వాళ్ల చేతితోటే ముట్టిస్తం."

"గా బటనే దేశంల ఎక్కడ లేదు బిడ్డా!"

"లేనిది లేనట్టే ఉండని. నువ్వు మనుషుల చేతులకు పని లేకుండ చేసినవ్. చేతులు ఊకుంటయా?"

"నువ్వు గూడ కంపెనీ మనిషివైనవ్" అని ఫోన్ పెట్టేశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా చిన్నమ్మకు ఫోన్ చేస్తే, "షెడ్డుల కూసున్నడు, అన్నానికి గూడ రాలే. అయితె డ్రమ్ము మాత్రం ముంగట పెట్టుకున్నడు" అన్నది. ఆ చివరి మాట మీద ఆశ పెట్టుకున్నాను.

ఈలోపు కర్నూల్ రాగి ఆయన వస్తానని కబురు పెట్టాడు. మామగారు ఆ కబురు విని గంగాళాలను చింతపండుతో తోమడం మొదలుపెట్టాడు. అమ్మేవాటికి అంత మెరుగెందుకని మా ఆయన అంటే, "పోయేటప్పుడన్న మంచిగ పోని" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి తలుపు వేసుకున్నాను.

రాగి ఆయన వచ్చే రోజు పొద్దున వనపర్తి బస్సులోంచి చిన్నాయన దిగాడు. కండక్టరుతో కొట్లాడి మరీ రెండు డ్రమ్ములు బస్సు మీద వేయించుకొచ్చాడు. గీతలు పడకుండా వాటికి శాలువాలు చుట్టాడు. విప్పి చూశాను. కిటికీ ఉన్న చోట నున్నగా రేకు వెల్డింగ్ చేసి ఉంది. బటన్ లేదు. దాని బెజ్జాన్ని కూడా మూసేశాడు.

"నా కడుపు కోసినవ్" అన్నాడు నాతో. మొహం మాత్రం కొత్త పెళ్లికొడుకులా ఉంది.

నేను నేరుగా అవ్వ ఇంటికి పోయాను. మా చేతిలో ఒకసారి చెడిన పట్టు. మళ్లీ ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. గడపలో నిలబడి, "అవ్వా, ఈసారి నీ మంట నువ్వే ముట్టియ్యాలె. ఇంకెవ్వరి చెయ్యి పడది" అన్నాను. ఆమె మగ్గం గుంటలోంచి నన్ను పైనుంచి కిందికి చూసింది. లేచి, పెట్టె తెరిచి, పెళ్లిచీరకు మళ్లీ తెచ్చుకున్న పట్టు తీసింది. పెరట్లోకి పోయి ఒక సన్న కట్టెపుల్ల విరుచుకొచ్చింది. వేరేవాళ్ల దగ్గర అద్దించుకుందామని తెచ్చుకున్న పట్టు అది. దారిలో ఆమె చెబితే తెలిసింది.

మేం వచ్చేసరికి రాగి ఆయన ఆటో మా వాకిట్లో ఆగి ఉంది. ఆయన తూకం సామాను దించుతున్నాడు. "జర ఆగు అన్నా, ఒక్క రంగు" అన్నాను. మా ఆయన నా వైపు చూశాడు, కర్రలు అందుకున్నాడు.

చిన్నాయన డ్రమ్ములో పొట్టు కూరాడు. అవ్వ పుల్ల కొసను ఆముదంలో ముంచి వెలిగించింది. వంగి, డ్రమ్ము అడుగున వెతికింది.

"కిందికెల్లి గాదా?"

"పైకెల్లి అవ్వా. దీపం పైకెల్లే గదా ముట్టిస్తం."

ఆ మాట ఆమెకు నచ్చింది. కొంగు నడుముకు దోపి, డ్రమ్ము పైన చుట్టూతా, ఒక్క చోటూ వదలకుండా, దేవుడి ముందు వెలిగించినంత శ్రద్ధగా ముట్టించింది. నీలం మంట లేచింది. మేం గంగాళం ఎత్తి పెట్టాం. అవ్వ వేళ్లు ఇంకా ఊరుకోలేదు. డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగి, "తొర్ర యాడుంది?" అన్నది.

"లేదు."

"మంచిదయింది. ఉంటె మళ్ల కెలుకుతుంటి" అని పీట లాక్కుని కూర్చుంది.

మామగారు తన పీట మీద వంగి కూర్చున్నాడు. నీళ్లు మెల్లగా వేడెక్కాయి. మంట ఎగరడం లేదు, పడిపోవడం లేదు. రంగు పట్టులోకి తొందర లేకుండా ఎక్కుతున్నది. మొదట గులాబీ, తరువాత పండిన మిరప, తరువాత దానికి పేరు లేదు. రాగి ఆయన కూడా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చిన్నాయన తన డ్రమ్మును చూడడం మానేసి మామగారి నోటినే చూస్తున్నాడు. నేను ఆయన ఛాతీ చూస్తున్నాను. దగ్గు ఎప్పుడు లేస్తుందో అని నా ఊపిరి నేనే బిగబట్టాను.

"ఎత్తు!"

గట్టిగా, శుభ్రంగా, దగ్గు లేకుండా. వీధిలోకి వినబడింది. మా ఆయన ఒక్క ఊపున చిలపలన్నీ పైకి తీశాడు. అటు కొస నుంచి ఇటు కొస దాకా ఒకే ఎరుపు, చుక్క మచ్చ లేదు. నేను సిగ్గు విడిచి చప్పట్లు కొట్టాను. అవ్వ చిలపను వెలుగులో పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "నా మంట గదా" అన్నది, ఆ రంగంతా తానే వేసినట్టు. మా ఆయన రాగి ఆయన దగ్గరికి పోయి, టీ తాగి పొమ్మని చెప్పాడు. గంగాళాల మాట ఎత్తలేదు. ఆయన కూడా మంచివాడే, అడగలేదు.

ఆ తరువాత మేం ఎవరికీ చెప్పుకోవాల్సిన పని పడలేదు. అవ్వ నోరు చాలు. "ఆడ నా మంట నాదే, మందిది గలువది" అని మగ్గం మగ్గానికీ చెప్పింది. పాత పొయ్యిలో ఒకరు వేసిన కట్టె మంట ఇంకొకరి పట్టుకు కూడా మిగిలేది, దాని మీద లోలోపల గొణుగుళ్లు ఉండేవి. ఇప్పుడు ఎవరి డ్రమ్ము వాళ్లది, ఎవరి పుల్ల వాళ్లది. నేతవాళ్లు మిగతా అద్దకం ఇళ్లకు పోయి, మీ దగ్గర అది లేదా అని అడగడం మొదలుపెట్టారు. ఆ ఇళ్లవాళ్లు మొదట నన్ను తిట్టుకున్నారు, తరువాత మా వాకిట్లోకి వచ్చి చిన్నాయన నంబరు అడిగారు. ఆ నంబరు చెప్పేటప్పుడు నాకు కలిగిన గర్వం నేను దాచుకోదలుచుకోలేదు. ఆ నంబరు ఒకరు అడగడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు వనపర్తి దుకాణం ముందు డ్రమ్ములు వరుసగా నిలబడి ఉంటాయి. చిన్నాయన వాటి మీద ఇంగ్లీషులో పొడుగాటి పేరు రాయించాడు. గద్వాలలో ఎవరూ ఆ పేరు పలకరు. అందరూ దాన్ని అవ్వ పొయ్యి అంటారు. ఆయనకు అది లోపల గుచ్చుకుంటుంది, పైకి నవ్వుతాడు. ఎగ్జిబిషన్‌కు రమ్మని పిలుపు వస్తే, "తీరిక లేదు" అంటున్నాడని చిన్నమ్మ చెప్పి మురిసిపోయింది. శాలువాలు మా ఇంట్లోనే ఉండిపోయాయి. కాలే గంగాళం చెవులు పట్టుకోవడానికి అంత మందం గుడ్డ ఇంకొకటి దొరకదు.

మొన్న చిన్నాయన చిన్నమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో పట్టు చిలపలు. ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు ఒక గద్వాల చీర తీసిచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు అవ్వ మగ్గం మీద నేయిస్తాడట. చిన్నమ్మ అడిగిన రంగు కుంకుమ ఎరుపు. నేను డ్రమ్ము నింపి, ఆముదంలో ముంచిన పుల్ల ఆయన చేతికిచ్చాను.

"నేనా?" అన్నాడు.

"పట్టు ఎవరిదైతె వాళ్లే. ముట్టించినంక మాటనొద్దు. కంపెనీలోళ్లను గూడ" అన్నాను.

ఆయన తాను చేసిన పొయ్యిని తన చేత్తో, పుల్లతో, పైనుంచి చుట్టూతా ముట్టించాడు. అందరిలాగే డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగి, కిటికీ ఉన్న చోటును వేలితో తడిమి, పీట మీద కూర్చున్నాడు. చిన్నమ్మ గంగాళంలోకి తొంగి చూస్తున్నది. పక్కన మామగారు ముందుకు వంగాడు, తువ్వాలు ఆయన భుజాన మడతపెట్టే ఉంది.

"ఎత్తు!" అన్నాడు.